ద్వంద్వత్వము: పుట్టుపూర్వోత్తరములు

విజయవాడవద్ద కృష్ణానదిపై ఆనకట్ట 1855లో పూర్తియైనది. దాని స్థానమున నిర్మింపబడిన ప్రకాశం బరాజు 1957లో ప్రారంభమైనది. ఇచ్చటినుండి బయలుదేరు ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవసు కాలువ మొదలైనవి శాఖోపశాఖలుగా చీలి, పిల్లకాలువలై, బోదెలై, తుదకు శివారు పొలములను చేరును. ఈ డెల్టాను ఎరిగినవారికి నేటి భౌతికశాస్త్రములోని ఒక లోతైన భావమును బోధపరచుట కష్టము కాదు. ఆ భావమునకు ద్వంద్వత్వమని పేరు. తంతు సిద్ధాంతము, అనగా స్ట్రింగ్ సిద్ధాంతము, గత నలువది సంవత్సరములలో సాధించిన ముఖ్యఫలితములలో పెక్కు దీనిపై ఆధారపడియున్నవి. ఈ భావము ఎట్లు పుట్టినది, ఎట్లు పెరిగినది, దానివలన ప్రయోజనమేమి అను విషయములను ఇచ్చట పరిశీలింతము.

రెండు పటములు

ఒక ఆయకట్టును ఊహింపుడు. ఎగువన తలతూము, దిగువన శివారు. ఎడమను ఒక ఎత్తైన గట్టు, కుడిని మరియొక గట్టు. నడుమ కాలువలు వలవలె అల్లుకొని నేలను అనేక మడులుగా విభజించుచున్నవి. కాలువలోని ప్రతి ముక్కకును ఒక తలుపు కలదు. తలుపు ఎత్తినచో నీరు పారును. దించినచో నీరు ఆగును. అప్పుడు దాని మీదుగా మనుష్యుడు ఒక మడినుండి ప్రక్కమడికి దాటవచ్చును.

ఇప్పుడు ఇద్దరు రెండు పటములు గీయుదురు. కాలువ లస్కరు గీసిన పటములో నీటిదారులు మాత్రమే యుండును. రైతు గీసిన పటములో మడులు, ఒక మడినుండి మరియొక మడికి దాటు చోట్లు మాత్రమే యుండును. లస్కరు ప్రశ్న ఇది: నీరు శివారునకు చేరునా? రైతు ప్రశ్న ఇది: ఎడమగట్టునుండి కుడిగట్టునకు కాలు తడవకుండ పోవచ్చునా? పటములు వేరు, ప్రశ్నలు వేరు. కాని కొంచెము ఆలోచించినచో, ఒక ప్రశ్నకు "అవును" అని జవాబు వచ్చినప్పుడు రెండవదానికి "కాదు" అను జవాబు వచ్చి తీరునని తెలియును. నీరు శివారునకు చేరకపోవుటకు కారణము దానికి అడ్డముగా ఒక గట్టునుండి రెండవ గట్టువరకు తెగని పొడిదారి యుండుటయే. కనుక ఒకని పటమును చూచి రెండవవాని ప్రశ్నకు జవాబు చెప్పవచ్చును.

ఇందులో మరియొక విశేషము కలదు. తలుపులు చాలవరకు దించియున్న దినమున నీటిదారులు కొద్ది. లస్కరు వాటిని వ్రేళ్లపై లెక్కపెట్టగలడు. రైతు ముందో, లెక్కకు అందని పొడిదారులుండును. తలుపులు చాలవరకు ఎత్తియున్న దినమున ఇది తారుమారగును. రైతు లెక్క సులభము, లస్కరు లెక్క దుర్భరము. ఒక భాషలో కష్టమైన లెక్క రెండవ భాషలో సులభమగుచున్నది. ద్వంద్వత్వపు సారమంతయు ఇంతే: రెండు వర్ణనలు, వాటి నడుమ ఒక నిఘంటువు, ఒకదానిలోని కష్టము రెండవదానిలో సౌలభ్యముగా మారుట.

పేరు విని ఇవి రెండు వస్తువులని భ్రమపడరాదు. తిక్కన తన భారతమును అంకితమిచ్చిన హరిహరనాథునివలె, ఇచ్చట రూపములు రెండైనను తత్త్వము ఒక్కటే.

విద్యుత్తు, అయస్కాంతము

భౌతికశాస్త్రములో ఈ భావమునకు బీజము పందొమ్మిదవ శతాబ్దిలో పడినది. విద్యుత్ప్రవాహము దిక్సూచి ముల్లును కదలించునని 1820లో ఓర్‌స్టెడ్ చూపెను. కదలు అయస్కాంతము తీగలో విద్యుత్తును పుట్టించునని 1831లో ఫారడే చూపెను. ఈ రెండింటిని 1865లో మాక్స్‌వెల్ ఒకే సమీకరణముల సముదాయములో ఇమిడ్చెను. ఈ సమీకరణములలో ఒక చిత్రమైన గుణము దాగియున్నది. శూన్యప్రదేశములో విద్యుత్‌క్షేత్రము స్థానమున అయస్కాంతక్షేత్రమును, అయస్కాంతక్షేత్రము స్థానమున గుర్తు మార్చిన విద్యుత్‌క్షేత్రమును వ్రాసినను ఆ సమీకరణములు మారవు.

పదార్థము ప్రవేశించినచో ఈ పొందిక చెడును. ధన విద్యుదావేశమును, ఋణ విద్యుదావేశమును వేరుచేయవచ్చును. కాని అయస్కాంతమును ఎన్ని ముక్కలు చేసినను ప్రతి ముక్కకు ఉత్తర దక్షిణ ధ్రువములు రెండును ఉండును. ఒంటరి ధ్రువము ఈనాటివరకు ఏ ప్రయోగములోను నిర్ధారణగా కనబడలేదు.

ఒంటరి ధ్రువము ఉన్నచో ఏమగునని 1931లో ఇంగ్లండులో డిరాక్ ప్రశ్నించెను. క్వాంటం సిద్ధాంతము ప్రకారము విద్యుదావేశమును ధ్రువబలముచే గుణించిన ఫలము ఇష్టమువచ్చిన విలువను పొందజాలదని, అది ఒక నిర్ణీత పరిమాణమునకు పూర్ణాంక గుణిజముగానే యుండవలెనని ఆయన కనుగొనెను. గుణలబ్ధము స్థిరమైనప్పుడు ఒకటి చిన్నదైనచో రెండవది పెద్దది కావలెను. ఎలక్ట్రాను ఆవేశము స్వల్పము గనుక ధ్రువము మిక్కిలి బలమైనదై యుండవలెను. రెండు ధ్రువముల నడుమ బలము, అంతే దూరమున నున్న రెండు ఎలక్ట్రానుల నడుమ బలమునకు సుమారు 4,700 రెట్లని ఆయన లెక్క తేల్చెను. బలహీనము ఒకవైపు, బలిష్ఠము మరియొకవైపు: లస్కరు, రైతుల పటములలో మనము చూచిన తారుమారు ఇచ్చటను కానవచ్చుచున్నది.

కృష్ణా జిల్లా శాస్త్రజ్ఞుడు

అదే 1931లో కలకత్తాలో ఒక తెలుగు యువకుడు కాంతినిగూర్చిన మరియొక ద్వంద్వమును ప్రయోగముచే పరీక్షించుచుండెను. ఆయన సూరి భగవంతం. 1909 అక్టోబరు 14న అప్పటి కృష్ణా జిల్లాలోని ఆగిరిపల్లిలో జన్మించి, గుడివాడలో ప్రాథమిక విద్యను, హైదరాబాదు నిజాం కళాశాలలో ఉన్నతవిద్యను అభ్యసించి, 1928లో చంద్రశేఖర వేంకట రామన్ వద్ద పరిశోధనకై చేరెను.

కాంతి తరంగమా, కణమా అను వివాదము ఆనాటికి ఒక కొలిక్కి వచ్చియుండెను: కొన్ని ప్రయోగములలో అది తరంగమువలెను, కొన్నింటిలో ఫోటానులను కణముల ధారవలెను వర్తించును. అయినచో తరంగభాషలోని ప్రతి మాటకు కణభాషలో సరియైన మాట యుండవలెను గదా! కాంతితరంగము మెలితిరుగుచు ముందుకు సాగు స్థితిని వృత్తాకార ధ్రువణమందురు. కణభాషలో దీనికి సమానమైనదేమి? ప్రతి ఫోటానునకు ఒక నిర్ణీతమైన స్వభ్రమణము కలదనుటయే జవాబు. రామన్, భగవంతములు అణువులనుండి చెదరిన కాంతి ధ్రువణమును జాగ్రత్తగా కొలిచి, ఫోటానుకు భ్రమణము కలదనుటకు అది ప్రయోగపూర్వకమైన నిదర్శనమని 1931లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్సులో ప్రకటించిరి. వృత్తాకార ధ్రువణముగల కాంతి ఒక పలుచని ఫలకమును స్వల్పముగా త్రిప్పగలదని 1936లో అమెరికాలో బెత్ కొలిచి చూపెను.

ఈ కణ-తరంగ ద్వంద్వమునకును, మనము చెప్పుకొనుచున్న ద్వంద్వత్వమునకును భేదము కలదు. మొదటిదానిలో ఒకే సిద్ధాంతము రెండు ముఖములను చూపుచున్నది. రెండవదానిలో, వేరు వేరుగా పుట్టిన రెండు సంపూర్ణ సిద్ధాంతములు తుదకు ఒకటేయని తేలుచున్నది. అయినను నిఘంటువులోని ఒక్కొక్క పదమును ప్రకృతిని ప్రశ్నించి సరిచూచుకొనవలెనను నియమము రెండింటికిని సమానమే. భగవంతం 1932లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చి, టి. వేంకటరాయుడుతో కలిసి సమూహ సిద్ధాంతమును భౌతికశాస్త్ర సమస్యలకు అన్వయించు ఆంగ్ల గ్రంథమును 1948లో ప్రకటించిరి. ఒక వస్తువును ఎన్ని విధముల మార్చినను మారకుండ మిగులునదేదో చెప్పు గణితమే సమూహ సిద్ధాంతము. తరువాతి కాలమున ద్వంద్వత్వములను వర్గీకరించుటకు తంతు శాస్త్రజ్ఞులు వాడిన భాషయు అదియే.

వేడి, చలి

రెండు పటముల యుక్తిని భౌతికశాస్త్రములో మొదట పూర్తిగా వినియోగించుకొన్నవారు క్రామర్స్, వానియే అను ఇరువురు. వారి సమస్య అయస్కాంతమునకు సంబంధించినది. గళ్లనుడికట్టువంటి చదరపు వలపై ప్రతి కూడలిలో ఒక చిన్న అయస్కాంతము ఉన్నదనుకొనుడు. దాని ముఖము పైకిగాని క్రిందికిగాని యుండును. చల్లగా నున్నప్పుడు అవియన్నియు దాదాపు ఒకేవైపు తిరిగియుండును. అచ్చటచ్చట ఎదురుతిరిగిన వాటిచుట్టు సరిహద్దులు గట్లవలె ఏర్పడును. మిక్కిలి వేడిగా నున్నప్పుడు అంతయు గందరగోళము. అప్పటి లెక్క వలపై గీయు మూసిన వలయములను లెక్కించుటగా మారును. చలిలోని గట్లును, వేడిలోని వలయములును ఒకే ఆకృతిగలవని, కనుక వేడివేళ లెక్క చలివేళ లెక్కతో సమానమని వారు 1941లో నిరూపించిరి.

దీని ఫలితము అద్భుతమైనది. వేడి పెంచుచు పోగా ఒకానొక ఉష్ణోగ్రతవద్ద అయస్కాంతత్వము హఠాత్తుగా మాయమగును. అట్టి మార్పు ఒక్కచోటనే జరుగుచున్నచో, అది రెండు వర్ణనలును ఒకటియగు చోటనే జరుగవలెను. ఈ ఒక్క తర్కముతో, సమస్యను పూర్తిగా సాధింపకయే, వారు ఆ ఉష్ణోగ్రతను చెప్పగలిగిరి. ఆన్సాగర్ 1944లో సమస్యను సంపూర్ణముగా సాధింపగా వారు చెప్పినదే సరియని తేలినది.

తంతువులు

తంతు సిద్ధాంతము పుట్టుకలోనే ద్వంద్వత్వము కలదు. 1968లో జెనీవావద్ద వెనిజియానో అను ఇటలీ యువకుడు కేంద్రక కణముల తాకిడిని వర్ణించు ఒక సూత్రమును వ్రాసెను. ఆ తాకిడిని రెండు విధముల ఊహింపవచ్చును: రెండు కణములు కలిసి ఒకటై మరల విడిపోవుట, లేక వాటి నడుమ మరియొక కణము చేతులు మారుట. వేరు వేరుగా కూడవలసిన ఈ రెండు లెక్కలును వెనిజియానో సూత్రములో ఒకే మొత్తమునిచ్చెను. అందుచే దీనిని ద్వంద్వ నమూనా అనిరి. ఈ సూత్రము వెనుకనున్నవి బిందువులు కావని, కంపించు తంతువులని 1970 ప్రాంతమున నంబు, సస్కిండ్, నీల్సెన్ వేరువేరుగా గుర్తించిరి. ఆ కంపనములలో ఒకటి గురుత్వాకర్షణకు చెందిన కణమేయని షెర్క్, ష్వార్జ్ 1974లో చూపిరి. గ్రీన్, ష్వార్జ్ 1984లో ఒక పెద్ద గణిత దోషము తొలగునని నిరూపింపగా, ఈ సిద్ధాంతము ప్రపంచ శాస్త్రజ్ఞుల దృష్టి నాకర్షించెను.

అదే 1984లో జపానులో కిక్కావా, యమసాకి ఒక వింతను గమనించిరి. మంగళగిరి మగ్గాలవద్ద కండెకు నూలు చుట్టుట చూచినవారికి ఇది సులభముగా తెలియును. కండెచుట్టు తంతువు చుట్టుకొనినచో, దానిని సాగదీయుటకు శక్తి కావలెను. కండె లావైనకొలది, చుట్లు పెరిగినకొలది శక్తి హెచ్చును. తంతువునకు మరియొక శక్తి కూడ కలదు: కండెచుట్టు పరుగెత్తుటవలన వచ్చునది. క్వాంటం నియమము ప్రకారము ఇది కండె సన్నమైనకొలది హెచ్చును. లావు కండెను తీసివేసి దానికి విలోమమైన సన్నకండెను పెట్టి, చుట్లసంఖ్యను, పరుగుసంఖ్యను తారుమారు చేసినచో శక్తుల పట్టిక ఏమాత్రము మారదు! తంతువు తాను నివసించు వృత్తము పెద్దదో చిన్నదో చెప్పజాలదు. ఒక హద్దుకంటె చిన్నదగు దూరమును కొలుచుట అనునది అర్థములేని మాట యగుచున్నది.

1994: ఒక పరీక్ష

1985 నాటికి తంతు సిద్ధాంతములు ఐదు ఏర్పడినవి. ప్రకృతి ఒక్కటియే కాగా సర్వమును వివరింపదలచిన సిద్ధాంతము ఐదు విధములుగా నుండుట పెద్ద ఇబ్బంది. పైగా తంతువుల పరస్పర చర్య బలహీనముగా నున్నప్పుడే లెక్కలు సాగుచుండెను; బలిష్ఠముగా నున్నప్పుడు ఏమి జరుగునో ఎవరికిని తెలియదు.

దారి డిరాక్ ధ్రువములవైపునుండి వచ్చినది. కొన్ని సిద్ధాంతములలో ఒంటరి ధ్రువములు క్షేత్రపు ముడులుగా తమంత తామే ఏర్పడునని 1974లో ఠుఫ్ట్, పొల్యకోవ్ కనుగొనిరి. పరస్పర చర్యాబలము హెచ్చినప్పుడు ఈ ముడులే మూలకణములుగను, మూలకణములే ముడులుగను మారునేమోయని 1977లో మాంటోనెన్, ఆలివ్ ఊహించిరి. ఊహ సుందరమే. కాని బలిష్ఠమైనవైపు లెక్క చేయజాలనప్పుడు దానిని పరీక్షించుట యెట్లు? పదునేడేండ్లు అది ఊహగానే మిగిలెను.

1994లో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థనుండి అశోక్ సేన్ ఈ చిక్కును విప్పెను. అతిసౌష్ఠవము గల సిద్ధాంతములలో కొన్ని స్థితులు చర్యాబలము మారినను చెదరవు. వాటిని బలహీనమైనవైపు లెక్కించి బలిష్ఠమైనవైపు నమ్మవచ్చును. ద్వంద్వత్వము నిజమైనచో, రెండు ధ్రువములు కొంత విద్యుదావేశముతో కూడి ఒకటిగా బంధింపబడిన ఒక స్థితి ఉండి తీరవలెను. అట్టిది ఒక్కటే యుండవలెను. లేనిచో మాంటోనెన్, ఆలివ్‌ల ఊహ తప్పని తేలును. సేన్ ఆ స్థితి కలదని, అది ద్వంద్వత్వము కోరిన లక్షణములతోనే యున్నదని చూపెను. ఓడిపోవు అవకాశముగల పరీక్షలో గెలిచినందుననే ఈ ఫలితమునకు విలువ కలిగినది.

ఆ ఏటనే సైబర్గ్, విట్టెన్ మరికొన్ని సిద్ధాంతములకు ఇదే యుక్తిని అన్వయించిరి. 1995లో విట్టెన్ ఐదు తంతు సిద్ధాంతములును ద్వంద్వత్వములచే ఒకదానితో నొకటి ముడిపడియున్నవని, అవి పదునొకండు పరిమాణముల ఒకే సిద్ధాంతమునకు వేరువేరు మూలలని ప్రతిపాదించెను. ఐదు పటములు, దేశము ఒక్కటే. 2012లో మొదటిసారిగా ఇచ్చిన ఫండమెంటల్ ఫిజిక్స్ బహుమానమును పొందిన తొమ్మిదిమందిలో సేన్ ఒకడు.

ప్రయోజనమేమి?

ఈ నిఘంటువులవలన కలిగిన మొదటి గొప్పలాభము కృష్ణబిలములయందు కనబడినది. కృష్ణబిలమునకు దాని ఉపరితల వైశాల్యమునకు అనుగుణమైన ఎంట్రోపీ కలదని బెకెన్‌స్టైన్, హాకింగ్ 1970 దశకములో చెప్పిరి. కాని దేనిని లెక్కపెట్టినచో ఆ సంఖ్య వచ్చునో తెలియలేదు. 1996లో స్ట్రామింజర్, వాఫా ఒక ప్రత్యేకమైన కృష్ణబిలమును ద్వంద్వభాషలోనికి మార్చి, అచ్చటి స్థితులను లెక్కించి, సరిగా ఆ సంఖ్యనే పొందిరి.

1997లో మాల్డసేనా ఇంకను దూరము పోయెను. గురుత్వాకర్షణగల ఒక విధమైన విశ్వములో జరుగునదంతయు, ఆ విశ్వపు సరిహద్దుపై గురుత్వము లేని సిద్ధాంతముగా వ్రాయవచ్చునని ఆయన ప్రతిపాదించెను. దీనివలన పూర్తిగా వేరైన రంగములో ఒక అంచనా లభించినది. నీటికంటె ఆముదము మెల్లగా పారుటకు కారణము దాని స్నిగ్ధత. బలిష్ఠమైన చర్యలుగల ద్రవమునకు స్నిగ్ధతను నేరుగా లెక్కించుట మిక్కిలి కష్టము. 2001లో పొలికాస్ట్రో, సాన్, స్టారినెట్స్ దానిని కృష్ణబిలపు లెక్కగా మార్చి చిన్న విలువను పొందిరి. బంగారు కేంద్రకములను ఢీకొట్టించి పుట్టించిన అత్యుష్ణ పదార్థము మిక్కిలి తక్కువ స్నిగ్ధతగల ద్రవమువలె ప్రవహించుచున్నదని 2005లో అమెరికాలోని బ్రూక్‌హావెన్ ప్రయోగశాల ప్రకటించెను. దాని స్నిగ్ధత ఆ విలువకు దగ్గరగానే కనబడినది. లెక్కించిన సిద్ధాంతమును, ప్రకృతిలోని సిద్ధాంతమును ఒకటి కావు గనుక ఇది నిరూపణ కాదు. అయినను ఉపయోగకరమైన పోలిక.

ఇక తత్త్వవిచారమునకు వచ్చినచో, కణాదుని కాలమునుండి మనము అడుగుచున్న ప్రశ్న ఒకటి కలదు: సర్వమును దేనితో నిర్మితమైనది? విభజించుచు పోయినచో తుదకు మిగులునది మూలమని మన నమ్మకము. కాని ఒక పటములో మూలకణమైనది రెండవ పటములో ముడి యగుచున్నది; ముడి యనుకొన్నది మూలకణమగుచున్నది. రెండు పటములును సమానముగా సత్యమైనవే. అయినచో "ఏది మూలము?" అను ప్రశ్నకు ఒకే జవాబుండనక్కరలేదు. ఏ వర్ణనలో లెక్క సులభమో అందు మూలమైనదే అప్పటికి మూలము.

ఇన్ని సాధించినను తంతు సిద్ధాంతము ప్రకృతికి చెందినదని ఏ ప్రయోగమును ఇంతవరకు నిర్ధారింపలేదు. జెనీవావద్ద 2010 నుండి జరుగుచున్న పెద్ద తాకిడి ప్రయోగములలో అతిసౌష్ఠవము కోరు క్రొత్త కణములు కనబడలేదు. ద్వంద్వత్వములలో పెక్కింటికి సంపూర్ణమైన గణిత నిరూపణ లేదు. పరీక్షలు మాత్రమే కలవు. మాల్డసేనా నిఘంటువు వర్తించు విశ్వము మన విస్తరించు విశ్వమువంటిది కాదు. మన విశ్వమునకు సరిపడు నిఘంటువును ఇంకను వ్రాయవలసియున్నది. ఆ పనికి కావలసినవి రెండు. సేన్ చూపినట్లు, ఊహ తప్పైనచో తప్పని తేల్చగల లెక్కను కనుగొనుట ఒకటి. ధ్రువణమునకు కణభాషలో సరియైన మాటను చెదరిన కాంతిలో వెదకిన రామన్, భగవంతములవలె, నిఘంటువులోని పదమును పరికరముతో సరిచూచుట రెండవది. మొదటిదానికి కాగితము, కలము చాలును. రెండవదానికి మార్గమును ఇంతవరకు ఎవరును కనుగొనలేదు.